వదిలేయడానికి కూడా ఒక ప్లాన్ ఉండాలి



సమ్మర్ హాలిడేస్ సర్క్యులర్ స్కూల్ యాప్‌లో వచ్చిన సాయంత్రానికే మన క్లాస్ వాట్సాప్ గ్రూపుల్లో మొదలయ్యే ప్రశ్న మీకు తెలిసిందే. "ఈసారి ఎక్కడికి?" ఒకరు బాలి అంటారు, ఒకరు వియత్నాం అంటారు, ఇంకొకరు "ఈసారి అమ్మమ్మగారి ఊరే" అని నవ్వుతున్న బొమ్మ పెడతారు. పోయిన ఏడాది ఆ ప్రశ్నకు అందరికంటే ముందు జవాబు పెట్టింది నేనే. "మారిషస్! టికెట్లు కూడా అయిపోయాయి" అని.

అప్పటి నుంచి కనీసం పది మంది అమ్మలు నన్ను అడిగారు: "మీ ప్లానింగ్ షీట్ ఒకసారి పంపరా?" పంపుతానని ఇన్నాళ్లూ దాటేస్తూ వచ్చాను. షీట్ బాగానే ఉంది. రంగులు వేసి, గంటల వారీగా, పద్నాలుగు చోట్లు రాసుకున్న షీట్ అది. కానీ ఆ ట్రిప్‌లో అసలు జరిగింది ఆ షీట్‌లో లేదు. అది కూడా చెప్పకుండా పంపితే మిమ్మల్ని తప్పుదారి పట్టించినట్టే అవుతుంది. అందుకే ఈ నెల ఇలా రాస్తున్నాను.

షీట్ ఎలా తయారైంది

అప్పటికి మా పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు మూడేళ్లు. పదహారు నెలల చీటీ ఎత్తుకుని ఈ ట్రిప్ పెట్టుకున్నాం. స్కూల్ ఫీజు టర్మ్‌లు, ఇంటి ఈఎంఐ దాటుకుని మిగిల్చిన డబ్బు. మీలో చాలామందికి ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

చిన్నపిల్లలతో అంత దూరం వెళ్లాలంటే మారిషస్ తేలికైన చోటే అనిపించింది, ఇప్పటికీ అదే మాట అంటాను. హైదరాబాద్ నుంచి ముంబయి, అక్కడి నుంచి నేరుగా ఆరు, ఆరున్నర గంటల విమానం. మనకంటే గంటన్నర మాత్రమే వెనక, కాబట్టి పిల్లల నిద్ర మరీ తారుమారు కాదు. భారతీయులు టూరిస్టుగా వెళ్లడానికి ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. తిరుగు టికెట్, బస వివరాలు చేతిలో ఉండాలి. నిబంధనలు మారుతుంటాయి కనుక బుక్ చేసే ముందు ఒకసారి, బయలుదేరే ముందు ఇంకోసారి చూసుకోండి.

ఆ దేశం భూమధ్యరేఖకు దక్షిణాన ఉంటుంది. మనకు ఎండలు మండే మే నెలలో అక్కడ చలికాలం మొదలవుతుంది. చలికాలం అన్నానని స్వెట్టర్లు సర్దకండి, సముద్రతీరంలో పగలు మన డిసెంబరు మధ్యాహ్నంలా హాయిగా ఉంటుంది. తుపాన్ల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నడుస్తుంది. అంటే సంక్రాంతి సెలవులకు వెళ్తే గాలివాన భయం ఉంటుంది. దసరాకి, వేసవి సెలవులకి ఆ భయం తక్కువ.

ఇవన్నీ బాగానే ఆలోచించాను. ఆ తర్వాతే గాడి తప్పాను. ఇంత ఖర్చు పెట్టి వెళ్తున్నాం కదా, ఏదీ వదలకూడదు అనుకున్నాను. దీవి చిన్నది, పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. మ్యాప్ మీద అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపించాయి. ఏడు రాత్రుల్లో పద్నాలుగు చోట్లు. తమరిన్ దగ్గర డాల్ఫిన్ బోటు, షమరెల్‌లో ఏడు రంగుల మట్టి, బ్లాక్ రివర్ లోయలు, గంగా తలావ్, బ్లూ బే, పాంప్లెమూస్ తోట, ఇలా సాగింది జాబితా. సగం వాటికి ముందే డబ్బు కట్టేశాను, వాపసు రాని ధరకే. అది చౌక కదా!

షీట్ చూసి మావారు ఒక్కటే అన్నారు, "ఇందులో పడుకునేది ఎప్పుడు?" నేను నవ్వేసి ఊరుకున్నాను.

బయలుదేరే ముందు రాత్రి

మర్నాడు అర్ధరాత్రి దాటాక ఇంట్లోంచి బయలుదేరాలి. ముందు రోజు సాయంత్రం బాబుకు ముక్కు కారడం మొదలైంది. రాత్రి తొమ్మిదికి ఒళ్లు వెచ్చబడింది. థర్మామీటర్ పెడితే 100. పారాసెటమాల్ వేశాను, తగ్గింది. తెల్లారి మళ్లీ కొంచెం వచ్చింది, మళ్లీ వేశాను, మళ్లీ తగ్గింది.

మా అత్తయ్య వాడిని ఒళ్లో వేసుకుని కూర్చున్నారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఈ ముక్కుతో విమానం ఎక్కిస్తావా అమ్మా? రెండు రోజులు ఆగి వెళ్లకూడదూ?" అన్నారు.

"టికెట్లు అలా మారవండీ అత్తయ్యా, అంతా పోతుంది" అన్నాను.

నిజానికి మారతాయో లేదో నాకు తెలియదు. కనుక్కోలేదు. ఆ రాత్రి నా దగ్గర ఎయిర్‌లైన్ నంబరు ఉంది, పిల్లల డాక్టరు గారి నంబరు ఉంది. ఇద్దరికీ ఫోన్ చేయలేదు. డాక్టరు గారికి ఎందుకు చేయలేదో ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆవిడ వద్దంటారేమోనని భయపడ్డాను. వద్దంటే ఆగాలి. ఎవరినీ అడగకపోతే ఆగక్కర్లేదు. పదహారు నెలల చీటీ, వాపసు రాని బుకింగులు, గ్రూపులో పెట్టిన మెసేజ్, పాప గోడ మీద అంటించుకున్న క్యాలెండర్ అన్నీ కలిసి నా చేత సూట్‌కేస్ జిప్ వేయించాయి.

మావారు "నీకెలా అనిపిస్తే అలా చేద్దాం" అన్నారు. అది నాకు నచ్చే మాటే, అందుకే మరోసారి అడగలేదు.

దిగే ముందు అరగంట

విమానంలో ఐదు గంటలు వాడు బాగానే ఉన్నాడు. కార్టూన్ చూశాడు, ఇడ్లీ తిన్నాడు, నా మీద పడి నిద్రపోయాడు. నేను ఫోన్ తీసి అత్తయ్యకు చూపించడానికి ఫోటో కూడా తీశాను.

విమానం కిందికి దిగడం మొదలుపెట్టింది. నిద్రలోంచి ఒక్కసారిగా లేచి అరిచాడు. మామూలు ఏడుపు కాదు. చెవి పట్టుకుని, వెనక్కి విరుచుకుపోతూ, ఊపిరి అందనట్టు ఏడ్చాడు. నీళ్లు పట్టబోతే మూత విసిరేశాడు. చాక్లెట్ ఉమ్మేశాడు. దాదాపు అరగంట. చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. ఎయిర్ హోస్టెస్ వచ్చి ఏదో చెబుతోంది, నాకు వినిపించలేదు. పక్క సీట్లో పాప రెండు చెవులూ మూసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇది ఎందుకు జరుగుతుందో డాక్టరు తర్వాత వివరించారు. చెవి లోపలి భాగాన్ని ముక్కు వెనక భాగంతో కలిపే సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది, యూస్టేషియన్ ట్యూబ్ అంటారు. విమానం దిగుతున్నప్పుడు బయట గాలి ఒత్తిడి పెరుగుతుంది. మింగినప్పుడు, ఆవలించినప్పుడు ఆ గొట్టం తెరుచుకుని లోపలి ఒత్తిడిని సరిచేస్తుంది. చిన్నపిల్లల్లో ఆ గొట్టం సన్నగా, ఇంచుమించు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే వాచి మూసుకుపోతుంది. అప్పుడు కర్ణభేరి లోపలికి లాక్కుపోతుంది, అదీ నొప్పి. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే బాధ ఎక్కువ.

ఆ రాత్రి హోటల్లో జ్వరం 102. ఉదయం వెతుక్కుంటూ ఒక క్లినిక్‌కి వెళ్లాం. డాక్టరు చెవి చూసి, ఎర్రగా ఉబ్బిందని, ఇన్ఫెక్షన్ అని చెప్పారు. "విమానం ఎక్కే ముందు జ్వరం ఉందా?" అని అడిగారు. "కొంచెం" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. రాసుకున్నారు, అంతే. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

ఏడు రోజుల మందులు ఇచ్చారు. తల నీళ్లలో ముంచకూడదు అన్నారు. ఆరో రోజు మళ్లీ తీసుకురమ్మన్నారు. అప్పుడు చెవి చూసి, వెనక్కి విమానం ఎక్కించవచ్చో లేదో చెబుతానన్నారు. ఆ మాట విన్నాక నాలుగు రాత్రులు నాకు సరిగా నిద్ర లేదు. ఎక్కించవద్దంటే? హోటల్ ఇంకెన్ని రోజులు? సెలవు ఎలా పొడిగించుకోవాలి? అంతకంటే ముందు, వాడి వినికిడికి ఏమన్నా అయితే?

ఖాళీ అయిన రోజులు

రెండో రోజు షీట్ మూసేశాను. తప్పు చేశానన్న బాధలో ఇంకో తప్పు చేశాను. ఎవరం ఎక్కడికీ వెళ్లొద్దు, అందరం గదిలోనే ఉందాం అని ప్రకటించాను. మూడో రోజు పొద్దున డాల్ఫిన్ బోటు వెళ్లిపోయింది, డబ్బుతో సహా. పాప ఏడవలేదు. మంచం అంచున కూర్చుని అడిగింది, "తమ్ముడికి చెవి నొప్పి వస్తే నాకెందుకమ్మా పనిష్‌మెంట్?"

నా దగ్గర జవాబు లేదు. ఆ మధ్యాహ్నం మావారు షీట్ ప్రింటవుట్ పాప చేతిలో పెట్టి, "ఇందులో నీకు నిజంగా కావలసినవి మూడు చెప్పు" అన్నారు. పద్నాలుగులో మూడు ఎంచుకోవడానికి దానికి రెండు నిమిషాలు పట్టింది. పెద్ద తాబేళ్లు. నాన్నతో సముద్రంలో నడక. రోడ్డు పక్కన తినే రొట్టె. ఆ మూడోది అసలు నా జాబితాలోనే లేదు. హోటల్‌కి వస్తూ కారులోంచి చూసిందట.

అప్పటి నుంచి ఒకరం బాబు దగ్గర, ఒకరం పాపతో. మేం దిగింది వాయవ్య తీరంలో, ట్రూ ఓ బిష్ దగ్గర. అక్కడ తీరానికి కొంచెం దూరంలో పగడపు దిబ్బలు గోడలా అడ్డు ఉంటాయి. అలలు అక్కడే విరిగిపోయి ఇవతల నీళ్లు చెరువులా ప్రశాంతంగా ఉంటాయి. పాప వాళ్ల నాన్న చేయి పట్టుకుని మోకాలి లోతులో గంటన్నర నడిచింది. పాంప్లెమూస్ తోట అక్కడికి దగ్గరే. పళ్లెంలా అంచు పైకి లేచిన పెద్ద పెద్ద తామరాకులు, బద్ధకంగా మెడ చాపే తాబేళ్లు చూసి వచ్చింది. రోడ్డు పక్క రొట్టె పేరు ధోల్ పూరీ. పప్పు పొడి కూరిన పల్చటి రొట్టెలు రెండు, మధ్యలో బీన్స్ కూర, పచ్చడి. "బెల్లం లేని బొబ్బట్టు" అంది పాప. కారం లేకుండా అడిగి తెస్తే బాబు కూడా ఇష్టంగా తిన్నాడు. జ్వరం వచ్చాక వాడు అడిగి తిన్న మొదటి తిండి అదే.

ఐదో రోజు పాప, నేను పోర్ట్ లూయీ వెళ్లాం. టాక్సీ ఆయన మమ్మల్ని చూసి "తెలుగా?" అన్నాడు. ఉలిక్కిపడ్డాను. వాళ్ల పూర్వీకులు మన కోస్తా నుంచి వెళ్లినవాళ్లు. మాట్లాడటం రాదు, నమస్కారం, ఇంకొన్ని మాటలు, రామభజన పాటలు తెలుసు. మనవరాలు బడిలో తెలుగు నేర్చుకుంటోందని గర్వంగా చెప్పాడు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినం అని విని పాపకు భలే ఆశ్చర్యం వేసింది.

ఆయనే మమ్మల్ని ఆప్రవాసీ ఘాట్ దగ్గర దింపాడు. 1834 నుంచి సుమారు ఐదు లక్షల మంది ఒప్పంద కూలీలుగా ఆ దీవికి చేరారు. ఎక్కువ మంది మన దేశం వాళ్లే. అప్పటి రాతి కట్టడాల్లో మిగిలినవి ఇప్పుడు యునెస్కో వారసత్వ స్థలం. ఓడ దిగి వాళ్లు ఎక్కిన మెట్ల దగ్గర పాప నిలబడింది. "వాళ్లతో చిన్నపిల్లలు కూడా వచ్చారా అమ్మా? ఓడలో జ్వరం వస్తే?" అని అడిగింది. వచ్చారు అన్నాను. మిగతాది చెప్పలేకపోయాను. వాళ్లకు ఆగే వీలు లేదు. నాకు ఉండింది. ఒక ఫోన్ కాల్ దూరంలో ఉండింది.

ఆరో రోజు డాక్టరు చెవి చూసి, బాగా తగ్గింది, ఎక్కించవచ్చు అన్నారు. దిగేటప్పుడు ఏం చేయాలో కాగితం మీద రాసిచ్చారు. తిరుగు విమానంలో కెప్టెన్ ప్రకటన రాగానే వాడిని నిద్ర లేపి, స్ట్రాతో గుక్క గుక్కగా జ్యూస్ తాగించాం. ముంబయిలో చక్రాలు నేలను తాకినప్పుడు వాడు చప్పట్లు కొట్టాడు. నేను ఏడ్చాను.

ఇంటికొచ్చిన వారానికి ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేశాను, ఊరికే తెలుసుకుందామని. తేదీ మార్చడానికి రుసుము, ఛార్జీలో తేడా కట్టాల్సి వచ్చేదట. ఆ మొత్తం మేం క్లినిక్‌కు కట్టినదాని కంటే, వాడుకోకుండా పోయిన బుకింగుల కంటే తక్కువ. ఆ సంగతి మావారికి చెబితే, "నేనూ అడిగి ఉండాల్సింది. డబ్బు పోతుందని నేనూ నోరు మూసుకున్నాను" అన్నారు. ఆ రోజు ఆ మాట నాకు చాలా అవసరం అనిపించింది.

మీ ప్లాన్‌కి పనికొచ్చేవి

షీట్ అడిగినవాళ్ల కోసం, దానిలో ఇప్పుడు నేను మార్చి రాసుకున్నవి ఇవి.

టికెట్ కొనే ముందు: తేదీ మార్చడానికి ఎంత, రద్దుకు ఎంత అన్నది కొనే రోజే కనుక్కుని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ అంకె తెలిస్తే చివరి రాత్రి భయంతో కాకుండా లెక్కతో ఆలోచిస్తారు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో విదేశంలో వైద్యం ఒక భాగం, ప్రయాణం రద్దు మరో భాగం. రద్దు ఏ పరిస్థితుల్లో వర్తిస్తుందో చదవండి. పిల్లల జలుబును వాళ్లు కారణంగా లెక్కించకపోవచ్చు. రెండేళ్లు నిండిన పిల్లలకు సీటు వేరుగా కొనాలి. చిన్నపిల్లల పాస్‌పోర్ట్ గడువు మామూలుగా ఐదేళ్లే, మీ పాస్‌పోర్ట్‌లా పదేళ్లు అనుకుని ఆఖర్లో తెల్లబోకండి.

బయలుదేరే ముందు వారం: పిల్లల డాక్టరును ఒకసారి కలవండి. జలుబు, చెవి నొప్పి, జ్వరం ఉంటే ఫోన్ చేయండి, అర్ధరాత్రి అయినా సరే. విమానంలో నిద్రపోవాలని జలుబు సిరప్ మీ అంతట మీరు వేయకండి. మందులు అసలు స్ట్రిప్పుల్లో, ప్రిస్క్రిప్షన్ కాపీతో చేతి బ్యాగులో పెట్టుకోండి. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములావే తీసుకోండి, తియ్యటి డబ్బా పానీయాలు వాటికి బదులు కావు.

విమానంలో: దిగడం మొదలవుతుందనగానే పిల్లల్ని నిద్ర లేపండి. నిద్రలో తక్కువగా మింగుతారు. స్ట్రాతో తాగించండి. పాలు తాగే పసివాళ్లకైతే అప్పుడే పాలు పట్టండి. ఎక్కగానే పట్టేసి, దిగే వేళకు ఏమీ లేకుండా చేసుకోకండి. ఒక జత బట్టలు పిల్లలకు, ఒక టీషర్టు మీకు కూడా చేతి బ్యాగులో ఉండాలి.

అక్కడ: ఒకే చోట దిగండి, వీలైతే చిన్న వంటగది ఉన్న బస చూసుకోండి. మారిషస్ మ్యాప్ మీద చిన్నదే, కానీ ఉత్తరం నుంచి షమరెల్ వెళ్లాలంటే ఒకవైపే సుమారు గంటన్నర, చివర్లో కొండ మలుపులు. కారులో వాంతి చేసుకునే పిల్లలుంటే అది పూర్తి రోజు పని. కారు బుక్ చేసేటప్పుడే చైల్డ్ సీట్ అడగండి. మే నెలలో అక్కడ సాయంత్రం ఆరు లోపే చీకటి పడుతుంది. పిల్లలు పొద్దున నాలుగున్నరకే లేస్తారు, మన టైమ్ ప్రకారం అది ఆరు గంటలు. హోటళ్లలో డిన్నర్ ఏడు, ఏడున్నరకు మొదలైతే పిల్లల కడుపులకు అది రాత్రి తొమ్మిది. ఐదింటికే వాళ్లకి ఏదో ఒకటి పెట్టేయండి. ప్లగ్గులు బ్రిటిష్ తరహా మూడు చదరపు పిన్నులవి, అడాప్టర్ ఉండాలి.

సముద్రం దగ్గర: పగడాల లోపలి నీళ్లలో కూడా పిల్లలు చేయి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. పగడపు దిబ్బల మధ్య ఖాళీలు ఉన్నచోట నీళ్లు బయటకు లాగుతాయి. దక్షిణాన గ్రీ గ్రీ దగ్గర పగడాల అడ్డు లేదు, అలలు పెద్దవి, అక్కడ చూడటమే, దిగడం కాదు. ఇసుకలో సముద్రపు ముళ్లకాయలు, విషపు ముళ్లున్న రాతిచేపలు ఉండవచ్చు కనుక అందరికీ రబ్బరు అడుగున్న బూట్లు వేయండి. ఉదయం పది నుంచి మూడు దాకా నీడ పట్టున ఉండండి. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ రాయండి. పొడుగు చేతుల స్విమ్ టాప్ ఉంటే సగం గొడవ తీరుతుంది. సాయంత్రం దోమల క్రీమ్ మర్చిపోవద్దు, అక్కడా డెంగీ ఉంది.

తిరిగొచ్చాక: స్కూల్ తెరిచే ముందు రోజు ఇంటికి చేరేలా టికెట్ కొనకండి. కనీసం మూడు రోజులు చేతిలో ఉంచుకోండి. ఆ మూడు రోజులు బట్టలు ఉతకడానికి, నిద్ర సరిపెట్టుకోవడానికి, యూనిఫామ్ పొట్టయిందని తెలుసుకోవడానికి సరిపోతాయి.

ఆఖరి కాలమ్

స్కూల్ తెరిచాక పాప క్లాసులో "మై హాలిడే" రాసింది. తాబేళ్ల గురించి నాలుగు వాక్యాలు, తెలుగు తెలిసిన టాక్సీ తాతయ్య గురించి రెండు. డాల్ఫిన్ల మాట లేదు. తమ్ముడి చెవి గురించి ఒకటే వాక్యం: "విమానంలో తమ్ముడు చాలా ఏడ్చాడు, నాకు భయం వేసింది." అది చదివి చాలాసేపు నోట్‌బుక్ మూయలేకపోయాను. ఆ భయాన్ని ఆపగలిగేదాన్ని.

ఈ ఏడాది మళ్లీ షీట్ తయారు చేస్తున్నాను. ఈసారి దూరం కాదు, అరకు. చీటీ మళ్లీ మొదటి నుంచి కడుతున్నాం. షీట్‌లో ఒక కొత్త కాలమ్ చేర్చాను: "ఇది వదిలేస్తే ఏమవుతుంది?" ప్రతి వరుసలోనూ అది నింపాకే డబ్బు కడుతున్నాను. చాలా వరుసల్లో జవాబు "ఏమీ కాదు" అనే వస్తోంది. అలాంటివి ఉంచుతున్నాను కానీ ముందుగా డబ్బు కట్టడం లేదు. మొట్టమొదటి వరుసలో "ప్రయాణం" అని ఉంది. దాని పక్కన తేదీ మార్చడానికి అయ్యే మొత్తం, డాక్టరు గారి నంబరు రాశాను. అత్తయ్యను కూడా ఈసారి తీసుకెళ్తున్నాం. బయలుదేరే ముందు రాత్రి పిల్లల నుదురు మీద చేయి పెట్టి చెప్పాల్సింది ఆవిడే. ఆవిడ ఆగుదామంటే ఆగుతాం.

షీట్ కావలసినవాళ్లు క్లాస్ గ్రూపులో అడగండి. ఈసారి వెంటనే పంపుతాను, ఆ కాలమ్‌తో కలిపి. మీ పిల్లల సెలవులు చల్లగా, క్షేమంగా గడవాలని కోరుకుంటూ,

గ్రేడ్ 4, ఎల్‌కేజీ పిల్లల అమ్మ